కైలాసగిరికి పిల్లలతో: ఎక్కడం కాళ్ల మీద, దిగడం కూర్చుని

విశాఖలో ఆదివారం పిల్లల్ని కైలాసగిరి తీసుకెళ్లే కుటుంబాల్లో చాలామంది పద్ధతి ఒకటే. రోప్‌వేలో పైకి వెళ్తారు. బుల్లి రైలెక్కుతారు, శివపార్వతుల ముందు ఫొటోలు దిగుతారు, ఉయ్యాలల దగ్గర ఒక గంట, ఐస్‌క్రీం బండి దగ్గర ఒక అలక. పొద్దుగూకే వేళకి రోప్‌వే దగ్గర క్యూ చూసి "దిగడమేగా, మెట్ల మీంచి చకచకా దిగిపోదాం పదండి" అంటారు. తంటా అక్కడ మొదలవుతుంది. నేను చెప్పేది దీనికి సరిగ్గా తిరగేసిన పద్ధతి. పిల్లలతో వెళ్తే కొండ నడిచి ఎక్కండి, కూర్చుని దిగండి.

ఈ మాట అంటే నవ్వేవాళ్లే ఎక్కువ. ఎక్కడం కష్టం, దిగడం సుఖం అన్నది మనలో ఇంకిపోయిన నమ్మకం. ఆయాసంతో కొలిస్తే అది నిజమే కూడా. దిగేటప్పుడు ఊపిరి ఎగదన్నదు, చెమట తక్కువ, గుండె దడ ఉండదు. కానీ కాళ్ల సంగతి వేరు. ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం దగ్గరకు ముడుచుకుంటూ ఒంటిని పైకి లేపుతుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ, సాగుతూనే ఒంటి బరువు జారిపోకుండా పట్టి ఉంచాలి. కండరానికి ఎక్కువ దెబ్బ తగిలేది ఈ రెండో పనిలోనే. మర్నాడు మంచం దిగలేక మూలిగేది కూడా దిగుడు వల్లే. అలిసిపోయిన కండరం పట్టు తప్పితే మోకాలు గబుక్కున మడత పడుతుంది. సాయంత్రం ఆరింటికి, మూడు గంటలు గెంతి, ఆకలితో ఉన్న ఐదేళ్ల పిల్ల కాళ్లలో మిగిలేది సరిగ్గా ఆ పట్టు తప్పే కండరమే.

మెట్టు ఎత్తు కూడా చూడండి. మామూలు మెట్టు 15, 16 సెంటీమీటర్లు ఉంటుంది. పెద్దవాళ్ల కాలి పొడవు 85 నుంచి 90 సెం.మీ. ఐదేళ్ల పిల్ల నిలువెత్తు 105, 110 ఉంటే కాలి పొడవు 50కి అటూఇటూ. ఈ నిష్పత్తి మనకి వర్తింపజేస్తే, ఆ పిల్ల దిగే ఒక్కో మెట్టు మనకి 28 సెం.మీ. మెట్టుతో సమానం. అలాంటి మెట్లు వరసగా కొన్ని వందలు, చీకటి పడే వేళ, వెనక ఎవరో "త్వరగా నడు నాన్నా" అంటుండగా దిగి చూస్తే తెలుస్తుంది.

పడడంలోనూ తేడా ఉంది. ఎక్కుతూ తూలితే పిల్ల ముందుకి పడుతుంది. ఎదురుగా మెట్టు దగ్గరగానే ఉంటుంది కాబట్టి అరచేతులు ఆనతాయి, మోకాలు గీరుకుంటుంది, అంతే. దిగుతూ తూలితే ముందు నేల ఉండదు, నాలుగైదు మెట్ల కిందే ఉంటుంది. మొహమో తలో ముందు తగులుతుంది.

దీనికి తోడు మన కొండల రాయి. తూర్పు కనుమల్లో ఈ భాగమంతా ఖోండలైట్. కోందు గిరిజనుల పేరు మీదే భూగర్భ శాస్త్రవేత్తలు ఆ రాయికి పేరు పెట్టారు. చేతిలోకి తీసుకుని చూస్తే అందులో గార్నెట్ గింజలు ముదురు ఎరుపులో కనిపిస్తాయి. ఎండకీ వానకీ ఈ రాయి తొందరగా చివికిపోతుంది. మెత్తటి భాగం ఎర్రమట్టి అయి కొట్టుకుపోతుంది, గట్టి గింజలూ గులకలూ మిగిలి మెట్ల అంచుల మీద, మలుపుల దగ్గర పేరుకుంటాయి. పొడి రోజుల్లో చెప్పు కింద గోళీల్లా దొర్లేది ఇదే. ఎక్కేటప్పుడు పాదం ముందుభాగం మీద బరువు ఉంటుంది, నిదానంగా మోపుతాం, కాబట్టి పెద్దగా జారదు. దిగేటప్పుడు బరువంతా కిందికి దించిన పాదం మీద ఒక్కసారిగా పడుతుంది, గులక కదిలిందా కాలు ముందుకి పోతుంది. వానాకాలంలో గులక బెడద తగ్గి పాచి బెడద వస్తుంది. నీడలో ఉన్న మెట్ల మీద అది పచ్చగా కాకుండా నల్లగా ఉంటుంది కాబట్టి ఇంకా మోసం.

ఇక పిల్ల "ఎత్తుకో" అంటుంది. అనకుండా ఎలా ఉంటుంది? పదహారు పదిహేడు కిలోల పిల్లని చంకన వేసుకుని దిగేవాళ్లకి తమ పాదాలు కనపడవు. బరువు ఒక పక్కకి ఉంటుంది, ఒక చెయ్యి ఖాళీగా ఉండదు, రెండో చేతిలో సంచీయో ఫోనో. మెట్ల మీద ప్రమాదానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు ఇంకొకటి చెయ్యలేం. భుజాల మీద కూర్చోబెట్టుకోవడం మరీ దారుణం. తండ్రి కాలు జారితే పిల్ల పడే ఎత్తు రెండు మీటర్లు.

కాబట్టి కాళ్లలో సత్తువ, కళ్లలో వెలుతురు, కడుపులో తిండి ఉన్న వేళనే నడకకి వాడుకోవాలి. అంటే ఎక్కడానికి.

ఎన్నింటికి మొదలుపెట్టాలి అన్నది మన తీరం తీరుని బట్టి ఉంటుంది. విశాఖ ఒడ్డు నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా ఉంటుంది, సముద్రం ఆగ్నేయంగా. కైలాసగిరి సముద్రం వైపు వాలు పొద్దుటి ఎండకి ఎదురుగా నిలబడుతుంది. ఎనిమిదింటికే మెట్లు మండుతుంటాయి. మధ్యాహ్నం దాటాక సూర్యుడు కొండ వెనక్కి వెళ్తాడు, ఆ వాలు నీడలోకి జారుతుంది, సముద్రపు గాలి వీపుకి తగులుతుంది. ఏప్రిల్, మే, జూన్ తప్ప మిగతా కాలమంతా మూడున్నర ప్రాంతం మంచి సమయం. నవంబరులో మాత్రం అరగంట, ముప్పావు గంట ముందుకి జరపండి. కార్తీకంలో విశాఖలో సూర్యాస్తమయం 5:20కే. జూలై మొదట్లో 6:35 దాకా వెలుతురు ఉంటుంది. ఈ గంటంపావు తేడా పట్టించుకోకపోవడం వల్లే వనభోజనాలకి వెళ్లినవాళ్లు చీకట్లో ఫోన్ లైట్లతో దిగుతుంటారు.

ఇంకో సంగతి. సముద్రంలో సూర్యాస్తమయం చూద్దామని పిల్లల్ని ఊరించి తీసుకెళ్లకండి. మనది తూర్పు తీరం. సముద్రంలోంచి సూర్యుడు పుడతాడు, సాయంత్రం సింహాచలం కొండల వైపు దిగుతాడు. ఏటా ఎంతమందో వ్యూ పాయింట్ దగ్గర సముద్రం వైపు మొహం పెట్టి ఆరింటిదాకా ఎదురుచూస్తారు. అది చూస్తే జాలేస్తుంది.

వేసవిలో ఉక్కపోత వల్ల లెక్క మారుతుంది. థర్మామీటరు 34 చూపించినా గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. పిల్లల ఒంటికి బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, అందుకే చుట్టూ ఉన్న వేడిని పెద్దల కంటే తొందరగా లాగేసుకుంటారు. ఆ మూడు నెలలూ మెట్లు ఎక్కించాలంటే తెల్లవారుజామునే. మే చివర్లో సూర్యోదయం 5:20 ప్రాంతంలో. ఐదున్నరకి మొదలుపెట్టి ఆరున్నరకి పైన ఉండాలి. ఆ వేళకి రోప్‌వే నడవదు కాబట్టి దిగడానికి ముందే ఆటో మాట్లాడి పెట్టుకోవాలి. అది కుదరనివాళ్లు వేసవిలో మెట్ల జోలికి పోవద్దు. రెండు వైపులా బండి మీదే వెళ్లిరండి.

కైలాసగిరి సముద్రమట్టానికి సుమారు 170 మీటర్ల ఎత్తు. తీరిగ్గా ఎక్కే పెద్దవాళ్లకి ఇరవై ఐదు నిమిషాలు, అరగంట. ఐదారేళ్ల పిల్లలతో ముప్పావు గంట నుంచి గంట వేసుకోండి. మూడేళ్లలోపు పిల్లలు ఎక్కలేరు. వాళ్లని వీపుకి కట్టుకునే క్యారియర్‌లో వేసుకోండి, లేదా వాళ్లతో ఒకరు రోప్‌వేలో రండి. స్ట్రోలర్ ఇంట్లోనే వదిలేయండి. ఆరేడు కిలోల బండిని మడతపెట్టి మెట్లు మోయడం కంటే పిల్లని మోయడం నయం.

ఎక్కేటప్పుడు పెద్దవాళ్లు పిల్ల వెనక ఒక మెట్టు కింద ఉండాలి. పక్కన కాదు, ముందు అసలే కాదు. ముందు నడిచి "రా రా" అని లాగే నాన్నలు చాలామంది కనపడతారు. చెయ్యి పట్టుకోవాలంటే పిల్లే మీ రెండు వేళ్లని పట్టుకోవాలి. మీరు మణికట్టు పట్టుకుని పైకి లాగొద్దు. ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో మోచేతి దగ్గర చిన్న ఎముకని పట్టి ఉంచే పట్టీ ఇంకా వదులుగా ఉంటుంది. చెయ్యి చాచి ఉన్నప్పుడు ఒక్క గుంజుకి ఎముక తల దాంట్లోంచి జారుతుంది. అమ్మా నాన్నా చెరో చెయ్యి పట్టుకుని పిల్లని ఉయ్యాలలా ఊపుతారు చూశారా, మెట్ల మీద "ఒకటి, రెండు, మూడు, హాప్!" అంటూ, సరిగ్గా అందులోనే ఎక్కువగా జరుగుతుంది. గుర్తు పట్టడం తేలిక. వాపు ఉండదు, కమిలి ఉండదు. పిల్ల ఆ చెయ్యి వాడదు. కొంచెం వంచి, అరచెయ్యి లోపలికి తిప్పి పొట్టకి ఆనించుకుని కూర్చుంటుంది. డాక్టరు ఒక్క నిమిషంలో సరిచేస్తారు. నూనె రాసి తోమించడం, కట్టు కట్టించడం వద్దు.

వేగానికి కొలత మాట. ఎక్కుతూ పిల్ల వాక్యం పూర్తి చెయ్యగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. మాట మధ్యలో ఊపిరి తీసుకుంటుంటే ఆగాలి. ఆగినప్పుడు రెండు నిమిషాలు చాలు. పది నిమిషాలు కూర్చోబెడితే లేవరు. నీళ్లు దాహం అన్నప్పుడు కాదు, పావుగంటకొకసారి నాలుగైదు గుక్కలు. గంటకి ఒక్కో పిల్లకి పావు లీటరు, ఉక్కగా ఉంటే 300 మి.లీ. ఇద్దరు పిల్లలు, ఇద్దరు పెద్దలు మూడు గంటలకి మూడున్నర, నాలుగు లీటర్లు మోసుకెళ్లాలి. బరువే. కానీ ఎక్కేకొద్దీ తగ్గే బరువు అదొక్కటే.

ఓఆర్ఎస్ గురించి ఒక హెచ్చరిక. రెండు మూడు గంటల షికారుకి ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి అది అక్కర్లేదు. నీళ్లూ, కాస్త ఉప్పు తగిలిన తిండీ చాలు. తీసుకెళ్తే మాత్రం ప్యాకెట్ మీద రాసింది చదవండి. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకి, చిన్నది 200 మి.లీ.కి. చేతిలో ఉన్న అరలీటరు సీసాలో పెద్ద ప్యాకెట్ పోసి కలిపితే ఉప్పు రెట్టింపు అవుతుంది, పిల్లకి మేలు బదులు కీడు. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలు ఓఆర్ఎస్ కావు. అలాంటివాటి పేర్లలో ఆ మాట వాడకూడదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది కూడా.

చెప్పులు. రబ్బరు హవాయి చెప్పులు వద్దు. మడమ వెనక పట్టీ ఉన్న సాండల్స్, లేకపోతే బడికి వేసుకునే స్పోర్ట్స్ బూట్లు. పండక్కి కొన్న కొత్త జోడు కొండ మీద ప్రారంభోత్సవం చెయ్యకండి. బొటనవేలి ముందు ఒక సెంటీమీటరు జాగా ఉండాలి, గోళ్లు ముందురోజే కత్తిరించాలి. అనుకోకుండా నడిచి దిగాల్సి వస్తే వేళ్లు ముందుకి కొట్టుకునేది అక్కడే.

పైకి చేరాక ఏం చెయ్యాలన్నదాంట్లో ఒక్క నియమం చాలు. ముందు కూర్చునే పని, తర్వాత పరిగెత్తే పని. అంటే ముందు రైలు. కొండ చుట్టూ తిరిగే ఆ రైలు, నడిచొచ్చిన కాళ్లకి విశ్రాంతి, పిల్లలకి కొండ మొత్తం ఒక చూపులో. ఎక్కేముందే ఏ పక్క కిటికీకి సముద్రం వస్తుందో అడిగి కూర్చోండి. సెలవు రోజుల్లో క్యూ పొడుగ్గా ఉంటుంది. ఒక పెద్దవాళ్లు క్యూలో నిలబడితే ఇంకొకరు పిల్లలకి తిండి పెట్టేస్తే రెండు పనులూ అయిపోతాయి.

తిండి ఇంటి నుంచే. పులిహోర అన్నిటికంటే భేషు. చింతపండూ నూనె వల్ల నాలుగైదు గంటలు నిలవుంటుంది, చల్లారినా రుచి చెడదు. పెరుగన్నం ఎండలో పులుస్తుంది. దోసకాయ ముక్కలు, జామకాయ, ఉడికించిన గుడ్లు. ఘాట్ రోడ్డు మీద వచ్చేవాళ్లు బయల్దేరే ముందు కడుపునిండా పెట్టకండి, మలుపుల్లో కక్కుతారు. మురీ మిక్చర్ లేకుండా విశాఖలో షికారు ఉండదు, నిజమే. కానీ ఐదేళ్లలోపు పిల్లలకి అందులో పల్లీలు ఏరేసి ఇవ్వండి, కూర్చోబెట్టి తినిపించండి. నడుస్తూ, నవ్వుతూ, పరిగెడుతూ తినే పల్లీ గింజ ఊపిరి గొట్టంలో పడితే కొండ మీద చేసేదేం లేదు. కోతి కనపడితే సంచీ జిప్పు వేయడం, తిండి లోపల పెట్టడం, కళ్లలోకి చూడకుండా పక్కకి తప్పుకోవడం. కోతి గానీ కుక్క గానీ గీరినా, కరిచినా అక్కడికక్కడే సబ్బుతో, పారే నీళ్ల కింద పావుగంట కడగాలి. ఆ తర్వాత ఆ రోజే కేజీహెచ్‌కో దగ్గరున్న ఆసుపత్రికో వెళ్లి టీకా. పసుపు పెట్టి ఇంటికి తీసుకెళ్లే పని కాదు. అందుకే సంచీలో చిన్న సబ్బు ముక్క ఉండాలి.

నీడ మీద నమ్మకం పెట్టుకోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ కొండ మీదా, పక్కన కంబాలకొండలో, జూలో చెట్లు కూకటివేళ్లతో పోయాయి. తర్వాత నాటినవి పెరిగాయి గానీ నీడ అతుకులు అతుకులుగానే ఉంటుంది. కుటుంబం కూర్చునే చోటు ఎంచుకునేటప్పుడు ఇప్పుడు నీడ ఉందా అని కాక, గంట తర్వాత ఉంటుందా అని చూడాలి. నీడ తూర్పుకి జరుగుతుంది, అంటే సముద్రం వైపుకి. ఆటస్థలంలో జారుడుబల్ల ఎక్కించే ముందు మీ చేతి వెనక భాగం దాని మీద ఐదు సెకన్లు ఆనించండి. మీరు ఉంచలేకపోతే పిల్ల తొడలు ఉంచలేవు.

వ్యూ పాయింట్ల దగ్గర కటకటాలు చూసుకోవాలి. సందులో మీ పిడికిలి సులువుగా దూరిపోతే చిన్నపిల్ల ఒళ్లు దూరొచ్చు. అడ్డకమ్మీలు ఉంటే అది పిల్లకి నిచ్చెనే. పిల్లని గోడ మీద కూర్చోబెట్టి ఫొటో తీయడం గురించి మాట్లాడను, మాట్లాడితే కోపం వస్తుంది. కొత్తగా వచ్చిన గాజు వంతెన మీదకి చిన్నపిల్లలతో హడావిడి పడనక్కర్లేదన్నది నా అభిప్రాయం. నాలుగేళ్ల పిల్లకి కింద లోయ కనపడితే భయమూ వెయ్యదు, అబ్బురమూ వెయ్యదు. భయమంతా పక్కనున్న మామ్మకే.

వ్యూ పాయింట్ దగ్గర పిల్లలకి ఏం చూపించాలో తెలియక "అదిగో సముద్రం" అని వదిలేస్తారు. పది సెకన్లలో వాళ్లకి విసుగు. పని చెప్పండి. లంగరేసి ఆగిన ఓడలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమనండి. అవి ఏ దిక్కుకి మొహం పెట్టి ఉన్నాయో చూడమనండి. మామూలుగా అన్నీ ఒకే దిక్కుకి తిరిగి ఉంటాయి. లంగరు గొలుసు ముందుభాగాన ఉంటుంది కాబట్టి గాలికో, ప్రవాహానికో ఓడ మొత్తం దాని చుట్టూ తిరిగి ఎదురు నిలబడుతుంది. ఒకటి వేరుగా తిరిగి ఉంటే అది కదులుతోందేమో చూడమనండి. కుడి చేతి వైపు డాల్ఫిన్స్ నోస్, ఎడమ చేతి వైపు రుషికొండ. ఎనిమిదేళ్ల గుంటడికి ఇది అరగంట పని.

తప్పిపోవడానికి ముందే కలిసే చోటు అనుకోవాలి. శివపార్వతుల తెల్లటి విగ్రహాలు దూరానికి కూడా కనపడతాయి, అదే మంచి గుర్తు. చిన్నపిల్లల ముంజేతి మీద బాల్ పెన్నుతో ఫోన్ నంబరు రాసేయండి. చొక్కా జేబులో కాగితం పెడితే అది పడవ అయిపోతుంది. కనుమ నాడు, కార్తీక మాసపు ఆదివారాల్లో వెళ్లేవాళ్లకి ఇది తప్పనిసరి.

ఇప్పుడు దిగడం. నా పద్ధతికి వచ్చే గట్టి అభ్యంతరం ఇక్కడే. సాయంత్రం రోప్‌వేకి క్యూ ఎక్కువ, గాలి హెచ్చితే ఆపేస్తారు కూడా, మరప్పుడు? క్యూ సంగతికి మందు ముందే కదలడం. అందరూ చీకటి పడ్డాక లేస్తారు. మీరు సూర్యాస్తమయానికి ముప్పావు గంట ముందే లేవాలి. "ఇంకొక్కసారి" అనే పిల్లలకి గంటల్లో గడువు చెబితే అర్థం కాదు, "రెండు జారుళ్లు, తర్వాత తాళ్ల బండి" అంటే అర్థమవుతుంది. పైగా రోప్‌వే చివరికి మిగిల్చి పెడితే అదే ఎర. ముందే ఎక్కించేస్తే పార్కు నుంచి కదిలించడానికి మీ చేతిలో ఏమీ మిగలదు. ఈ ఒక్క కారణం చాలు నా వాదనకి, తొడ కండరాల గొడవ లేకపోయినా.

ఆపేస్తే? అందుకే పైకి చేరగానే రెండు అడగాలి. రోప్‌వే ఆఖరి ట్రిప్పు ఎన్నింటికి, ఆర్టీసీ 10కె బస్సు ఆఖరిది ఎన్నింటికి. కౌంటర్లో, కండక్టరుని అడిగితే చెబుతారు. ఈ రెండూ తెలిసినవాళ్లు కంగారు పడరు. ఘాట్ రోడ్డు మీద నడిచి మాత్రం దిగొద్దు. మలుపుల్లో కార్లకి పిల్లలు కనపడరు. మరే దారీ లేక మెట్లే దిగాల్సి వస్తే పెద్దవాళ్లు పిల్లకి ఒక మెట్టు ముందు నడవాలి. మెట్ల అంచున ఉన్న గులకని కాలితో పక్కకి నెడుతూ, పక్క కమ్మీ ఉన్న వైపే, యాభై మెట్లకోసారి ఆగుతూ. ఎత్తుకోకండి. ఏడిస్తే కూర్చోండి, మళ్లీ దిగండి.

తాతయ్యా మామ్మా వస్తే వాళ్లు మెట్లెక్కలేరుగా అంటారు. అందరూ ఒకే దారిన వెళ్లాలని ఎవరన్నారు? వాళ్లు పులిహోర డబ్బాతో బస్సులో పైకి రావచ్చు, మీరు పిల్లలతో నడిచి చేరుకోవచ్చు. పైన ఎవరో ఎదురుచూస్తున్నారంటే పిల్లల నడక మారుతుంది.

బండి మీద ఘాట్ ఎక్కేవాళ్లకి రెండు ముక్కలు. నాలుగేళ్లు దాటిన పిల్లకి హెల్మెట్ చట్టం. 9 నెలల నుంచి నాలుగేళ్లలోపు పిల్లకి తగిన హెల్మెట్‌తోపాటు నడిపేవాళ్లకి కలిపి కట్టే పట్టీ ఉండాలి, వేగం 40 దాటకూడదు. ఇది 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధన. దిగేటప్పుడు పెట్రోలు మిగుల్తుందని ఇంజన్ ఆపి, న్యూట్రల్లో వదిలేసే అలవాటు కొందరికి. అలా చేస్తే ఇంజన్ పట్టు పోతుంది, బరువంతా బ్రేకుల మీద పడుతుంది, అవి కాగి కాగి మూడో మలుపుకి మెత్తబడతాయి. గేరు బండైతే రెండో గేరులో దించండి. స్కూటీ అయితే ఇంజన్ ఆన్‌లోనే ఉంచి, బ్రేకు పట్టుకుని ఉండిపోకుండా పట్టి వదులుతూ దిగండి.

ఆటో మాట్లాడితే అతను "జూ, కైలాసగిరి, సబ్‌మెరైన్, బీచ్ అన్నీ ఒక్క రోజులో చూపించేస్తా" అంటాడు. అతని తప్పు లేదు, అడిగేవాళ్లే అలా అడుగుతారు. పిల్లలతో కొండంటే సగం రోజు, అదొక్కటే. జూ 625 ఎకరాలు, 1977లో తెరిచారు, దానికి దాని రోజు కావాలి. కంబాలకొండ పదేళ్లు దాటిన పిల్లలకి బాగుంటుంది. అక్కడ నడక మట్టి దారిలో, అడవిలో. చిన్నవాళ్లకి అది ఎక్కువ.

వెళ్లకూడని రోజులు కూడా ఉన్నాయి. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో పడమట మబ్బు కమ్ముకుంటే, మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 లెక్కపెట్టేలోపు శబ్దం వినిపిస్తే పిడుగు మీ దాకా వచ్చే దూరంలో ఉన్నట్టే. వ్యూ పాయింటూ, ఇనప కమ్మీలూ, ఒంటరి చెట్టూ వదిలి పక్కా కట్టడంలోకి వెళ్లాలి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. అక్టోబరు అంటే తుపాన్ల నెల, వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే కొండ సంగతి ఆ వారానికి మర్చిపోండి. సన్నటి జల్లు రెండు రోజులుగా పడుతుంటే మెట్లు వద్దు. పిల్లలు బయటికి వెళ్దామని గొడవ చేస్తే గొడుగులు పట్టుకుని జూకే తీసుకెళ్లండి, కొండల మధ్య లోయ కాబట్టి అక్కడ మెట్లెక్కే పని ఉండదు. సోమవారం మాత్రం దానికి సెలవు.